మునగాల దాకా వచ్చిన ప్రచ్ఛన్న యుద్ధం

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే బస్సు సూర్యాపేట దాటి, మునగాల మీదుగా కోదాడ చేరుతుంది. ఈ కొద్ది దూరంలో ఒకప్పుడు ప్రయాణికుడు రెండు సరిహద్దులు దాటాల్సి వచ్చేది. సూర్యాపేట నైజాం ఇలాకా. మునగాల ఇంగ్లీషు ఇలాకా, కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోది. కోదాడలో మళ్లీ నైజాం. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ దీవిలా మునగాల పరగణా. ఆ పక్క నిజాం హాలీ సిక్కా, ఈ పక్క ఇంగ్లీషు కల్దారు రూపాయి.

అమెరికా, సోవియట్ యూనియన్ల పోటీ చరిత్రను పుస్తకాలు సాధారణంగా బెర్లిన్ నుంచి మొదలుపెడతాయి. మన వరకు అది మునగాల నుంచి మొదలు కావాలి. ఎందుకంటే ఇక్కడ భూమి తగువు ముందు పుట్టింది, అగ్రరాజ్యాల చూపు తరువాత పడింది. ఈ వరస తప్పితే అసలు కథే తప్పిపోతుంది.

కోటలో గ్రంథాలయం, పొలంలో వెట్టి

మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు ఉండేది నడిగూడెం కోటలో. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వెలిశాయంటే వాటి వెనుక ఈ ఇద్దరి చెయ్యి ఉంది. తెలుగువాళ్లు ఆ రుణం మరిచిపోకూడదు.

అదే పరగణాలో రైతు వెట్టి చేశాడు. అక్రమ వసూళ్లు కట్టాడు. కాళ్ల కింది భూమి తనది అవునో కాదో తెలియక బతికాడు. 1934లో ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ ఏర్పడ్డాక ఆ పార్టీ యువకులు పరగణా పల్లెల్లోకి వచ్చారు. 1930ల చివర్లో నండూరి ప్రసాదరావు వంటి వాళ్ల నాయకత్వంలో రైతులు జమీందారు మీద తిరగబడ్డారు. చుట్టూ ఉన్న నైజాం ఊళ్లు దీన్ని కళ్లారా చూశాయి. పైగా నైజాంలో వారెంటు పడ్డ కార్యకర్తకు సరిహద్దు ఇవతల మునగాల తలదాచుకునే చోటు అయింది. తెలంగాణ పోరాటానికి దారి వేసిన వాటిలో ఈ చిన్న దీవి ఒకటి.

వడిసెల కాలం

1946 జూలై 4న నైజాం ఊరు కడవెండిలో రైతు సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకూలాడు. ఆ తరువాత సంఘం గుతుప కర్ర పట్టింది, ఆపై తుపాకీ పట్టింది. ఆ నడుమ పట్టింది వడిసెల. అది చేలో పిట్టల్ని తోలే పనిముట్టు. తాడు నడుమ అల్లిన చిన్న గూడులో గులకరాయి పెట్టి, తల చుట్టూ గిర్రున తిప్పి, ఒక కొస వదిలేస్తే రాయి దూసుకుపోతుంది. ఆడవాళ్లు రాళ్ల కుప్పలు పోసి, కారం పొట్లాలు కట్టి, రోకళ్లు పట్టుకుని నిలబడ్డారు. సూర్యాపేట తాలూకాలో భీమిరెడ్డి నరసింహారెడ్డి దళాలు నడిపితే, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టింది. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచారనీ, నాలుగు వేల మంది ప్రాణాలిచ్చారనీ పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క రాశారు.

పల్లెల్లో ఇది నడుస్తుండగానే ప్రపంచం రెండు శిబిరాలుగా చీలింది. 1947 మార్చి 12న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కమ్యూనిజాన్ని అడ్డుకోవడమే తమ విధానమని ప్రకటించాడు. మరుసటి నెలలోనే బెర్నార్డ్ బరూక్ ఒక ప్రసంగంలో ‘ప్రచ్ఛన్న యుద్ధం’ అన్న మాట వాడాడు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో అడుగుపెట్టింది. నిజాం లొంగిపోయాక దొరలు తిరిగి ఊళ్లకు చేరారు. సైన్యం తుపాకులు సంఘం వైపు తిరిగాయి. 1949 అక్టోబరులో చైనాలో మావో గెలిచాడు. మావో గెలవకముందే ఆంధ్ర కమ్యూనిస్టులు చైనా దారిని సమర్థిస్తూ ‘ఆంధ్ర థీసిస్’ రాశారు. వెట్టి వద్దని లేచిన పల్లెలను బయటి ప్రపంచం ఇక చైనా పక్కన పెట్టి చూడసాగింది.

మాస్కోలో తెలంగాణ, పోచంపల్లిలో వినోబా

పోరాటం సాగించాలా, ఆపాలా అన్న ప్రశ్న మాస్కో దాకా వెళ్లింది. 1951 ఆరంభంలో నలుగురు కమ్యూనిస్టు నాయకులు రహస్యంగా వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. వాళ్లలో ఇద్దరు తెలుగువాళ్లు, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. మిగతా ఇద్దరు డాంగే, అజయ్ ఘోష్. చైనా గెరిల్లాలకు మంచూరియాలో వెన్నుదన్నుగా మిత్రదేశం ఉందనీ, భారత్‌కు ఆ వీలు లేదనీ, గెరిల్లా పోరు ఒక్కటే ఇక్కడ సరిపోదనీ స్టాలిన్ చెప్పాడు. ఆ ఏడు అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వచ్చింది.

ఈ రెండింటికీ నడుమ, 1951 ఏప్రిల్ 18న, పోరాటం నడిచిన నల్లగొండ జిల్లాలోనే, పోచంపల్లిలో, గాంధేయవాది వినోబా భావే భూమిలేనివాళ్ల కోసం భూమి అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చాడు. భూదానం అలా పుట్టింది. రెండేళ్లకు, 1953 మేలో, అమెరికా ‘టైమ్’ పత్రిక వినోబా బొమ్మను ముఖచిత్రంగా వేసింది. తుపాకీ లేకుండా భూమి చేతులు మారే దారి అమెరికాకు ఎంత అవసరమైందో ఆ ముఖచిత్రమే చెబుతుంది.

పల్లె మాత్రం తన మాట 1952 ఎన్నికల్లో చెప్పింది. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీ పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడితే, నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు పడ్డాయి. నెహ్రూకు కూడా అన్ని రాలేదు.

మునగాల మరో పరీక్ష కూడా చూసింది. అప్పటికి అది కృష్ణా జిల్లాలోనే ఉంది కాబట్టి కొత్త ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1955లో ఆ రాష్ట్ర మధ్యంతర ఎన్నికల వేళ పరగణా ఓటు వేసింది. పక్కనే ఉన్న సూర్యాపేట, కోదాడ హైదరాబాదు రాష్ట్రంలో ఉండి ఆ పోరును చూశాయి. సరిగ్గా ప్రచారం జోరు మీద ఉన్నప్పుడు, జనవరి 26న, మాస్కో పత్రిక ‘ప్రావ్దా’ నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెసువాళ్లు దాన్నే అచ్చేసి పంచారు. కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు వచ్చినా, 196 స్థానాల్లో దక్కినవి 15. తన అవసరం వచ్చినప్పుడు అగ్రరాజ్యం ఎవరి చేయి పట్టుకుంటుందో, ఎవరి చేయి వదిలేస్తుందో తెలుగు కార్యకర్తకు ఆ రోజు తెలిసింది. 1959లో మునగాల నల్లగొండ జిల్లాలో కలిసింది.

ఎరుపు తరువాత పచ్చదనం

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేశాడు. రాయి మీద రాయి పేర్చి, వేలాది కూలీల రెక్కల కష్టంతో లేచిన ఆనకట్ట అది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, మునగాల పొలాలను తడిపింది.

ఆ నీళ్ల వెనకే కొత్త విత్తనం వచ్చింది. ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల డబ్బుతో 1960లో ఫిలిప్పీన్స్‌లో వరి పరిశోధన సంస్థ ఏర్పడింది. అక్కడ 1966లో ఐఆర్-8 విడుదలైంది. మరుసటి ఏడు పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపాడు. మన పాత వరి పొడుగ్గా పెరిగేది. ఎరువు కాస్త ఎక్కువైతే గింజ బరువుకు వంగి చేను పడిపోయేది. ఐఆర్-8 పొట్టిది, కర్ర గట్టిది. యూరియా తిని నిటారుగా నిలబడి కాస్తుంది. అయితే నీళ్లు, ఎరువు, పురుగుమందు మూడూ తప్పవు. ఆ మూడింటికీ రొక్కం కావాలి.

1968 మార్చి 8న అమెరికా సహాయ సంస్థ అధిపతి విలియం గాడ్ దీనికి ‘హరిత విప్లవం’ అని పేరు పెట్టాడు. సోవియట్ల ఎర్ర విప్లవానికి ఎదురుగా నిలబెట్టడానికే ఆ రంగు పేరు ఎంచుకున్నట్టు ఆయన మాటల్లోనే ఉంది. అంతకు నాలుగేళ్ల ముందు ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం అండ ఉంది. ఎర్ర విప్లవం నడిచిన తాలూకాల్లోనే పచ్చ విప్లవం దిగింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరయింది.

పుస్తకాల మీదా ఈ పోటీ నడిచింది. మాస్కో ప్రగతి ప్రచురణాలయంలో ఉప్పల లక్ష్మణరావు ఏళ్ల తరబడి రష్యన్ రచనలను తెలుగు చేశారు. అవి విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికేవి. ఫోర్డ్ ఫౌండేషన్ సొమ్ముతో 1955లో మద్రాసులో మొదలైన దక్షిణ భాషా పుస్తక సంస్థ కూడా చౌక ధరకు తెలుగు పుస్తకాలు వేసింది.

ఇంతలో రష్యా, చైనా తమలో తాము తగవు పడ్డాయి. భారత పార్టీలో అప్పటికే ముదిరిన విభేదాలకు అది తోడై 1964లో పార్టీ చీలింది. స్టాలిన్ ఎదుట కలిసి కూర్చున్న రాజేశ్వరరావు సీపీఐలో, బసవపున్నయ్య సీపీఎంలో తేలారు. ఒకే దళంలో ఒకే కుండలోని సంకటి తిన్నవాళ్లు రెండు జెండాల కింద నిలబడ్డారు. ఈ నేల అనుభవించిన గాయాల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

1991 చివర్లో సోవియట్ యూనియన్ చరిత్రలో కలిసిపోయింది. ఈ పల్లెల పిల్లలు అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఊళ్లో వాళ్ల భూమిని కౌలు రైతు దున్నుతున్నాడు. కాగితం మీద పేరు లేక అతనికి బ్యాంకు అప్పు పుట్టడం ఇప్పటికీ కష్టమే. కాళ్ల కింది భూమి ఎవరిదన్న పాత ప్రశ్న అతని దగ్గర ఇంకా అలాగే ఉంది.

సూర్యాపేట, కోదాడ దారుల్లో ఊరూరా ఎర్ర స్తూపాలు కనిపిస్తాయి. ఈసారి బస్సు దిగి దగ్గరికి వెళ్లి చదవండి. పైన సుత్తి కొడవలి ఉన్నా, కింద చెక్కినవి మన ఇంటిపేర్లే.