ఇసుక తిన్నెలలో బట్టమేక పిట్ట

రాజస్థాన్‌లోని జైసల్మేరుకు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన సమ్ అనే గ్రామం ఉంది. అక్కడి ఇసుక తిన్నెలకు యాత్రికులు సాధారణంగా సాయంకాలం వస్తారు. ఒంటెనెక్కి, సూర్యాస్తమయం చూసి వెళ్ళిపోతారు. నేను తెల్లవారుజామున వెళ్ళాను. గాలి ఇంకా లేవలేదు. రాత్రి తిరిగిన ప్రాణుల అడుగులు ఇసుక మీద చెదరకుండా ఉన్నాయి. పురుగు పాకిన సన్నని గీత, దానికి అడ్డంగా నక్క జాడ. ఎడారి అంటే నిర్జీవమన్న నా ఊహ అక్కడే తొలగిపోయింది.

తిన్నెలు దాటితే గడ్డి నేలలు. అవి 1980లో ఏర్పడిన ఎడారి జాతీయ వనంలోనివి. దాని విస్తీర్ణం 3,162 చదరపు కిలోమీటర్లు. అక్కడ చింకారా జింకలను దగ్గరగానే చూశాను. చాలాసేపు నిరీక్షించాక, దూరంగా గడ్డిలో మీటరు ఎత్తున్న పక్షి ఒకటి తలెత్తి నిదానంగా నడుస్తూ కనిపించింది. రాజస్థానీలు దానిని గోడావణ్ అంటారు. మన బట్టమేక పిట్ట అదే.

ఈ పక్షి చరిత్ర విచారకరమైనది. రాజులూ, తెల్లదొరలూ దానిని విరివిగా వేటాడారు. 1960 ప్రాంతంలో జాతీయ పక్షి ఎంపిక చర్చకు వచ్చినప్పుడు సలీం అలీ దీని పేరే సూచించారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. నెమలి ఎలాగూ క్షేమమే. ఆ గుర్తింపు అవసరమైనది దీనికే. 1972 చట్టం వేటను నిషేధించినా గడ్డి నేలలు తరుగుతూనే వచ్చాయి. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ నేల మీద! పైగా కళ్ళు పక్కలకుండడంతో ఎదుటి విద్యుత్ తీగలు సరిగా కనబడవు. బరువైన శరీరం చప్పున మళ్ళదు. తీగలను భూగర్భంలో వేయాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించి, సౌర విద్యుత్తు అవసరాల దృష్ట్యా 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది. మిగిలిన పక్షులు 150కి మించవని అంచనా. సమ్‌లో 2019లో మొదలైన సంరక్షణ కేంద్రంలో 2024లో కృత్రిమ గర్భధారణ ద్వారా ఒక పిల్ల పుట్టడం కొంత ఊరట.

ఇదంతా ఎక్కడో ఎడారి గొడవ అనుకోకండి. కర్నూలు సీమలోని రోళ్ళపాడులో ఈ పిట్ట కోసమే 1988లో అభయారణ్యం ఏర్పరిచారు. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ దాని జాడ దాదాపు లేదు. చెట్లు లేని గడ్డి నేలను మనం బంజరు అని పిలిచాము. బంజరు అన్నాక దున్నడానికి వెనుకాడలేదు. భాషలో పేరు మిగిలి, నేల మీద పిట్ట లేకపోవడం కంటే పెద్ద లేమి ఏముంటుంది?