రాతినార నుంచి సిమెంటు రేకు దాకా: తెలుగునేలపై ఆస్బెస్టాస్ వ్యర్థాల చట్టచరిత్ర - నేలకొండపల్లి నేపథ్యం

వ్యాససంగ్రహం

ఆస్బెస్టాస్‌ను తెలుగు నిఘంటువులు ‘రాతినార’ అన్నాయి. వ్యవహారంలో అది ‘సిమెంటు రేకు’గా స్థిరపడింది. గనిలోనూ కర్మాగారంలోనూ ఈ ఖనిజాన్ని అదుపు చేసిన చట్టాలు, ఇంటి కప్పు నుంచి దిగిన పాత రేకు దగ్గరకు వచ్చేసరికి బలహీనపడ్డాయి. ఈ స్థితికి చట్టంలోని ఖాళీతోపాటు పేరులోని మరుగు కూడా కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పులివెందుల గనులు, సనత్‌నగర్ కర్మాగారం, 1986 నుంచి 2016 వరకు వచ్చిన చట్టాలు, తీర్పుల క్రమాన్ని పరిశీలించి, నేలకొండపల్లి వంటి మండల కేంద్రానికి ఆ క్రమం ఎంతవరకు చేరిందో చర్చిస్తుంది.

కీలకపదాలు: రాతినార, సిమెంటు రేకు, ప్రమాదకర వ్యర్థాలు, పులివెందుల, నేలకొండపల్లి.

ఉపోద్ఘాతం

ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి చరిత్ర పరిశోధకులకు రెండు విధాల పరిచితం. భక్త రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న జన్మస్థలం ఇదే. ఊరి సమీపంలోని బౌద్ధస్తూపం, విరాటరాజు దిబ్బగా స్థానికులు పిలుచుకునే ప్రాచీన అవశేషాలు దీని రెండో గుర్తింపు. ఆ దిబ్బల్లో దొరికిన ఇటుక, కుండపెంకు, పూస గతాన్ని చెప్పే సాక్ష్యాలయ్యాయి. ఒకనాటివారు వాడి వదిలేసినదే ఈనాటి చరిత్రకారుడికి ఆధారం.

ఈ కాలం కూడా తన దిబ్బలను తాను పేర్చుకుంటున్నది. తాటాకు, పూరి, పెంకు కప్పుల స్థానంలో వచ్చిన సిమెంటు రేకులు పగిలి, దిగి, ఇప్పుడు శిథిలాల్లో కలుస్తున్నాయి. ప్రాచీన కుండపెంకును చేతితో తాకినవారికి హాని లేదు. ఆస్బెస్టాస్ కలిసిన రేకు పొడి అయితే, ఆ పొడిని పీల్చినవారికి హాని ఉంది. ఆ పీచు కుళ్లదు, కాలదు, నేలలో విచ్ఛిన్నం కాదు. కనుక ఈ వ్యర్థాన్ని ఎవరు, ఎలా, ఏ చట్టం కింద తొలగించాలన్నది ప్రజారోగ్యానికి సంబంధించిన చారిత్రక ప్రశ్న అవుతుంది.

పదచరిత్ర: రాతినార, రేకు

‘ఆస్బెస్టాస్’ గ్రీకు మూలం గల పదం. ‘ఆరనిది’ అని దాని అర్థం. అగ్నికి లొంగని గుణాన్ని మాత్రమే ఆ పేరు చెబుతుంది. తెలుగు మాట ‘రాతినార’ మరింత నిర్దిష్టమైనది. చెట్టు బెరడు నుంచి తీసే నారలా పోగులు పోగులుగా విడిపోయే రాయి అని ఈ సమాసం సూచిస్తుంది. హాని కూడా ఆ విడిపోవడంలోనే ఉంది. కంటికి కనిపించనంత సన్నగా చీలిన పోగు శ్వాసతోపాటు ఊపిరితిత్తుల లోతుకు చేరి అక్కడే నిలిచిపోతుంది. ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా అనే వ్యాధులకు ఇదే మూలం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ మానవులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. పీచు పీల్చిన నాటికీ వ్యాధి బయటపడిన నాటికీ మధ్య ఇరవై నుంచి నలభై ఏళ్లు, ఒక్కోసారి అంతకు మించి గడుస్తాయి.

వ్యవహారం ఈ పదాన్ని స్వీకరించలేదు. ఇంటి కప్పుగా వచ్చిన వస్తువుకు ‘రేకు’ అనే పాత మాటే అంటుకుంది. పూలరేకు, బంగారు రేకు, ఇనుప రేకు వరుసలో సిమెంటు రేకు చేరింది. తెలుగు సాహిత్య విద్యార్థికి రేకు అనగానే తాళ్లపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు గుర్తుకు వస్తాయి. ఒక కీర్తన ఏ రేకుపై ఉందో నేటికీ సంఖ్యతో చెప్పవచ్చు. ఇంటిమీది రేకుకు అలాంటి చిరునామా లేదు. ఎండావానలకు దానిమీది ముద్ర చెరిగిపోతుంది. సాధారణంగా అందులో 8 నుంచి 10 శాతం వరకు రాతినార, మిగిలినది ప్రధానంగా సిమెంటు. అయినా పేరులో సిమెంటే మిగిలింది, రాతినార మాయమైంది.

పులివెందుల నుంచి సనత్‌నగర్ దాకా

తెలుగునేలకు రాతినార పూర్తిగా పరాయిది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, వేంపల్లె శ్రేణికి చెందిన డోలమైటు సున్నపురాళ్లలోకి అగ్నిశిలలు చొచ్చుకొచ్చిన చోట క్రిసోటైల్ రకం రాతినార ఏర్పడింది. బ్రాహ్మణపల్లి, లింగాల పరిసరాల్లో దీన్ని తవ్వి తీశారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ఎ.ఎల్. కూల్సన్ 1930లలో దత్తమండలాల రాతినార, ముగ్గురాయి నిక్షేపాలను అధ్యయనం చేశాడు. ఆ కాలపు దృష్టిలో అది సంపద మాత్రమే.

పారిశ్రామిక వాడకం హైదరాబాదులో వేళ్లూనుకుంది. 1946లో హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ స్థాపితమైంది. సనత్‌నగర్‌లో తయారైన దాని రేకులు ‘చార్మినార్’ పేరుతో దేశమంతటా అమ్ముడయ్యాయి. ముడిపీచు క్రమంగా విదేశాల నుంచి దిగుమతి కాసాగింది. పూరిళ్లు వేసవిలో అంటుకుని వాడలకు వాడలు బూడిదయ్యే పల్లెల్లో, కాలని కప్పు తక్కువ ధరకు దొరకడం చిన్న విషయం కాదు. ఏటేటా కప్పు నేయించే ఖర్చు తప్పింది. పేదవాడి దృష్టిలో సిమెంటు రేకు భద్రతకు చిహ్నమైంది. ఈ చారిత్రక సత్యాన్ని విస్మరించి రేకు వాడినవారిని అజ్ఞానులుగా చిత్రించడం న్యాయం కాదు. వారికి చెప్పిన మంచి నిజమే. చెప్పని హాని కూడా నిజమే.

1986: ఒక మలుపు

భోపాల్ దుర్ఘటన తరువాతి కాలంలో, 1986లో, అనేక మార్పులు ఒకేసారి వచ్చాయి. పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆస్బెస్టాస్‌పై 162వ ఒడంబడికను ఆమోదించింది. కూల్చివేత పనులను అర్హులైనవారికే అప్పగించాలనీ, కార్మికులకు గాని చుట్టుపక్కల ప్రజలకు గాని హాని కలగకుండా వ్యర్థాలను తొలగించాలనీ ఆ ఒడంబడిక నిర్దేశించింది. భారతదేశం దాన్ని ధ్రువీకరించలేదు. అదే సంవత్సరం భారత ప్రమాణాల సంస్థ ఆస్బెస్టాస్ వ్యర్థాల తొలగింపుపై ఐఎస్ 11768 సంఖ్యతో సిఫారసులను ప్రచురించింది. కొత్త రాతినార గనుల లీజులను కేంద్రం అదే ఏడాది ఆపివేసింది. 1993లో పాత లీజుల పునరుద్ధరణను కూడా నిలిపింది. పులివెందుల గనుల భవితవ్యాన్ని ఈ నిర్ణయాలే నిర్దేశించాయి.

వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం సుప్రీంకోర్టులో దాఖలు చేసిన వ్యాజ్యం కూడా 1986 నాటిదే. 1995 జనవరి 27న వెలువడిన ఆ తీర్పును ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన న్యాయమూర్తి కె. రామస్వామి రాశారు. కార్మికుడి ఆరోగ్యహక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు ప్రకటించింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య వివరాలను ఉద్యోగం మొదలైన నాటి నుంచి 40 సంవత్సరాలు, లేదా విరమణ తరువాత 15 సంవత్సరాలు, ఏది తరువాత వస్తే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. వ్యాధి నిదానంగా బయటపడుతుంది కాబట్టి సంస్థ జ్ఞాపకం కూడా అంత దీర్ఘంగా ఉండాలన్నది ఇందులోని తర్కం. 2011 జనవరి 21న కల్యాణేశ్వరి వ్యాజ్యంలో ఆస్బెస్టాస్‌ను నిషేధించాలన్న కోరికను సుప్రీంకోర్టు అంగీకరించలేదు గాని, 1995 నాటి ఆదేశాల అమలును మళ్లీ గుర్తుచేసింది.

ఈ క్రమమంతటిలో కేంద్రస్థానం కార్మికుడిది. అది సముచితమే. కాని రేకు కర్మాగారం గేటు దాటిన తరువాత దాన్ని కోసే వడ్రంగి, ముప్పై ఏళ్లకు దాన్ని దించే కూలీ, ఆ ముక్కల మధ్య ఆడుకునే పిల్లవాడు ఏ దస్త్రంలోనూ లేరు. కార్మికుడి దేహానికి 40 ఏళ్ల జ్ఞాపకాన్ని విధించిన న్యాయవ్యవస్థలో, రేకుకు మాత్రం జ్ఞాపకం లేకుండా పోయింది.

వ్యర్థ నియమాలు: ఉన్నవి, అందనివి

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో ప్రమాదకర వ్యర్థాల నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2008లో ఒకసారి, 2016 ఏప్రిల్ 4న మరొకసారి కొత్త నియమాలు అమలయ్యాయి. 2016 నియమాల మొదటి షెడ్యూలులో ఆస్బెస్టాస్, ఆస్బెస్టాస్ కలిసిన పదార్థాల ఉత్పత్తి 15వ ప్రక్రియ. ఆస్బెస్టాస్ కలిసిన శేషాలు, పారవేసిన ఆస్బెస్టాస్, వాయుశుద్ధిలో మిగిలే ధూళి దాని కిందికి వస్తాయి. ఇలాంటి వ్యర్థాన్ని సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచరాదు. గుర్తుచీటీ అంటించాలి. అనుమతి గల వాహనంలో మేనిఫెస్టు పత్రంతో పంపాలి. అధీకృత శుద్ధి, నిక్షేప కేంద్రానికే చేర్చాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి కేంద్రం 2001లో హైదరాబాదు శివార్లలోని దుండిగల్‌లో ప్రారంభమైంది. సరిహద్దులు దాటే ప్రమాదకర వ్యర్థాలపై బాసెల్ ఒడంబడికను భారతదేశం 1992లో ధ్రువీకరించింది. వ్యర్థ ఆస్బెస్టాస్ దిగుమతి నిషిద్ధం. ఆస్బెస్టాస్ ఉన్న ఫ్రెంచి యుద్ధనౌక క్లెమెన్సోను గుజరాత్‌లోని అలంగ్‌కు పంపే ప్రయత్నం వివాదమై, 2006 ఫిబ్రవరిలో ఫ్రాన్సు ఆ నౌకను వెనక్కి పిలిపించుకోవడం ఈ సందర్భంలో గమనార్హం.

నియమాల నిర్మాణాన్ని గమనిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. మొదటి షెడ్యూలు వ్యర్థాన్ని పారిశ్రామిక ప్రక్రియను బట్టి వర్గీకరిస్తుంది. 15వ ప్రక్రియ ఉత్పత్తి గురించినది. పల్లెలో ఒక ఇంటి కప్పు దించడం ఆ శీర్షికలో కనిపించదు. అధీకృత కేంద్రం నేలకొండపల్లికి దాదాపు రెండువందల కిలోమీటర్ల దూరం. ఇరవై రేకులు దించిన ఇంటి యజమాని మేనిఫెస్టు రాసి, అనుమతి గల లారీ మాట్లాడి అంతదూరం పంపుతాడని ఆశించడం వాస్తవానికి దూరం. విదేశీ నౌకను తిప్పి పంపగలిగిన సమాజం, సొంత ఊరి కప్పు విషయంలో నిస్సహాయంగా ఉంది.

నేలకొండపల్లి: గొలుసులో చివరి కొస

తెలంగాణలో 2019లో మొదలైన పల్లెప్రగతి కింద గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, డంపింగ్ యార్డు సమకూరాయి. తడిచెత్త, పొడిచెత్త వేరుచేయడం అలవాటులోకి వచ్చింది. పగిలిన సిమెంటు రేకు ఈ రెండింటిలో దేనికీ చెందదు. పల్లెల్లో పనికొచ్చే రేకు పశువుల కొట్టానికో కోళ్లగూటికో పోతుంది. ముక్కలు ఇటుకరాళ్లతో కలిసి పునాది గుంతల్లోకి, బాటలోని పల్లాల్లోకి చేరతాయి. వస్తువును వృథా చేయని గ్రామీణ వివేకం ఇది. ఇతర వస్తువుల విషయంలో మెచ్చదగిన ఈ పొదుపు, రాతినార విషయంలో హానిని ఒక చోటి నుంచి మరో చోటికి మోస్తుంది. బండి చక్రాల కింద నలిగిన ముక్క పొడి అవుతుంది, పొడి గాలిలో కలుస్తుంది.

ఎంత వ్యర్థం రానున్నదన్న అంచనాకు ప్రాథమిక ఆధారం జనగణన. 2011 జనగణనలో ఇంటి కప్పు వర్గీకరణ జింకు రేకు, లోహపు రేకు, ఆస్బెస్టాస్ రేకు మూడింటినీ ఒకే గడిలో చేర్చింది. కరిగించి మళ్లీ వాడుకోగల లోహమూ, తాకడానికి జాగ్రత్త కావలసిన రాతినారా అధికారిక గణాంకంలో ఒకటే అయ్యాయి. వ్యవహారంలోని ‘రేకు’ చేసిన పనినే రాజ్యం లెక్క కూడా చేసింది. ఇటీవల ఆస్బెస్టాస్ లేని పీచుతో చేసిన సిమెంటు రేకులూ మార్కెట్లో ఉన్నాయి. కంటిచూపుతో రెంటినీ నిశ్చయంగా వేరుచేయలేము. సూక్ష్మదర్శిని పరీక్ష కావాలి. పరీక్ష లేని చోట పాత రేకును ఆస్బెస్టాస్ కలిసినదిగానే భావించడం క్షేమం.

సురక్షితంగా దించే పద్ధతి సంక్లిష్టమైనదేమీ కాదు. చెక్కుచెదరని రేకు కప్పు మీద ఉన్నంతకాలం హాని స్వల్పం. కోసినప్పుడు, పగిలినప్పుడు, రుద్దినప్పుడు పీచు లేస్తుంది. కనుక దించేముందు నీటితో తడపాలి. బోల్టులను చేతి పనిముట్లతో విప్పి రేకును నిండుగా దించాలి. పైనుంచి విసరరాదు, రంపపు యంత్రం వాడరాదు. పొడిచీపురుతో ఊడ్వరాదు. మూతికి కట్టుకున్న తువ్వాలు ఈ పీచును ఆపలేదు, తగిన వడపోత గల మాస్కు అవసరం. రేకులను మందపాటి ప్లాస్టిక్ పట్టాలో రెండు పొరలుగా చుట్టి, గుర్తుచీటీ పెట్టి, ఇతర శిథిలాలతో కలపకుండా విడిగా ఉంచాలి. పనిబట్టలను ఇంటి బట్టలతో ఉతకరాదు. ఇవన్నీ ఒక పుటలో చెప్పదగిన సంగతులు. ఆ పుట మేస్త్రీకి అర్థమయ్యే తెలుగులో అతని చేతికి అందాలి.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, తెలుగునేలపై రాతినార చరిత్ర గని, కర్మాగారం, ఇల్లు, దిబ్బ అనే నాలుగు దశల్లో సాగింది. చట్టం మొదటి రెండు దశలను పట్టుకుంది, చివరి రెండింటిని జారవిడిచింది. రెండవది, ఈ జారుబాటుకు భాష కూడా దోహదం చేసింది. ‘ఆస్బెస్టాస్ వ్యర్థం’ అని రాసిన ఉత్తర్వు ‘సిమెంటు రేకు’ అని పిలిచేవారికి వర్తించినట్టు వినిపించదు. మూడవది, పరిహారం స్థానిక స్థాయిలో ఆరంభం కావాలి. పంచాయతీ దస్త్రంలో సిమెంటు రేకుల ఇళ్లకు ప్రత్యేక గడి, మండలానికొక మూసిన నిల్వ స్థలం, అక్కడి నుంచి అధీకృత కేంద్రానికి ప్రభుత్వ ఖర్చుతో రవాణా, జనగణనలో వేరు సంకేతం అవసరం. పేదవాడు కప్పు మార్చుకునే ఖర్చుకే తడుముకుంటాడు. తొలగింపు ఖర్చును కూడా అతని మీదే మోపితే ఆ రేకు రాత్రికి రాత్రి వాగుగట్టుకు చేరుతుంది.

నేలకొండపల్లి దిబ్బలు అక్కడ ఒకప్పుడు బతికినవారి గురించి చెబుతున్నాయి. ఈ తరం వదిలే దిబ్బలో రాతినార ఎక్కడ ఉందో ముందే గుర్తించి రాసి పెట్టడం రాబోయే తరాల పట్ల కనీస బాధ్యత. శాసన పదజాలానికీ వ్యవహార పదానికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించే ఆ పనిలో తెలుగు శాఖలకూ పాత్ర ఉంది. ‘రాతినార రేకు’ అనే మాట వాడుకలోకి వస్తే, వస్తువు స్వభావం దాని పేరులోనే తెలుస్తుంది.