విద్యా సాంకేతికతలో పరిశోధన: మన పిల్లలకు ఉన్న దారులు

మన పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. వెంకటమ్మనహళ్లిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మన ఇళ్లల్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం, ఫోనులో చూసే పాఠం చాలావరకు ఇంగ్లీషు. కన్నడంలో ఊట అంటే భోజనం, తెలుగులో నీటి ఊట. ఒకటో తరగతి పిల్లవాడు ఇలాంటివన్నీ దాటుకుని పాఠంలోకి రావాలి. అలాంటి పిల్లవాడికి ఫోను, టీవీ, కంప్యూటరు ద్వారా ఎలా చెబితే చదువు ఎక్కుతుందో పరీక్షించి తేల్చేదే విద్యా సాంకేతికత పరిశోధన.

ఇది కొత్త సంగతి కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సైట్ ప్రయోగం కింద 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెల్లో ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు చూపించారు. వాటిలో తెలుగు, కన్నడ కార్యక్రమాలూ ఉన్నాయి. ఈ మధ్యకాలంలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎం.ఐ.టి. కలిసి క్లిక్స్ పథకం కింద తెలంగాణ ప్రభుత్వ హైస్కూళ్లకు తెలుగులో కంప్యూటర్ పాఠాలు తయారుచేశాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్లల కష్టం మన పిల్లలకు అనుభవంలో ఉంది. పరిశోధనకు అదే పెట్టుబడి.

ఎక్కడ చేరవచ్చు?

ఐఐటీ బొంబాయిలో ఈ విషయంలోనే పిహెచ్.డి. ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విద్య, విద్యా సాంకేతికతలకు ప్రత్యేక శాఖ ఉంది. కంప్యూటర్ చదివి తెలుగు, కన్నడ భాషల మీద పని చేయాలనుకునేవారు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని భాషా సాంకేతిక పరిశోధన కేంద్రాన్ని చూడవచ్చు. ముందుగా రుచి చూడాలంటే స్వయం పోర్టల్‌లో ఉచితంగా కోర్సులు చదవవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

ఖర్చు ఎలా?

యూజీసీ నెట్ పరీక్ష సాధారణంగా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఎడ్యుకేషన్ అందులో ఒక సబ్జెక్టు. పి.జి.లో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం మార్కులు కావాలి. ఇందులో జె.ఆర్.ఎఫ్. వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000 ఇస్తారు. ఈ రేట్లు 2023 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. భాషా సబ్జెక్టులు తప్ప మిగతా ప్రశ్నపత్రాలు ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటాయి. కన్నడ మాధ్యమంలో చదివినవారు ఒక ఏడాది ముందే సిద్ధం కావాలి.

వయసు, సర్టిఫికెట్

జె.ఆర్.ఎఫ్.కు వయసు 30 దాటకూడదు. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాలకు, దివ్యాంగులకు 5 ఏళ్ల సడలింపు ఉంది. ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటున్నారు. మా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి 31 ఏళ్లు. రాష్ట్రం ఇచ్చే 2ఏ సర్టిఫికెట్ చాలనుకున్నాడు. కేంద్రానికి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరే నమూనాలో ఉండాలని తెలిసేసరికి గడువు అయిపోయింది. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే నోటిఫికేషన్ రాకముందే తహశీల్దారు కార్యాలయంలో అర్జీ పెట్టుకోండి. జె.ఆర్.ఎఫ్. వయసు దాటినా నిరాశ వద్దు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు నెట్‌లో వయోపరిమితి లేదు.

చేరిన తర్వాత

కొత్త పరిశోధకులను పెద్దల ముందు కూర్చోబెట్టి సలహా ఇప్పించే వేదికలు ఉన్నాయి. ఆసియా పసిఫిక్ దేశాల ఐ.సి.సి.ఇ. సదస్సులో పిహెచ్.డి. విద్యార్థులకు, కొత్తగా పని మొదలుపెట్టినవారికి వేర్వేరు కూటాలు జరుగుతాయి. ఐరోపాలో జె.టెల్ వేసవి పాఠశాల పిహెచ్.డి. విద్యార్థుల కోసమే ఉంది.

ఇంట్లో ఎం.ఎడ్., ఎం.సి.ఏ. చదివిన పిల్లలుంటే, పెద్దలు ఇది వారికి చదివి వినిపించాలని మనవి. సర్టిఫికెట్ల విషయంలో అనుమానం ఉంటే కాగితాలతో మా సంఘానికి రండి. అర్జీ నింపిపెట్టడం మాకు చేతనైన పని.