ఇక్కడ మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందండీ?

పోయిన మామిడి సీజన్లో ఆఫీసు పనిమీద ఆగిరిపల్లి వెళ్ళాల్సొచ్చింది. ఒక కాయల వ్యాపారి గోదాంలో మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొరాయించింది. అది దార్లోకొచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. ఫోన్లో వెతికితే మంచి రేటింగున్న హోటళ్ళన్నీ విజయవాడలోనే చూపించింది.

కొత్త ఊళ్ళో నా సూత్రం ఒకటే: బోర్డులు చూడకూడదు, లారీ డ్రైవర్ని అడగాలి. కాయలు లోడు చేయించుకుంటున్నాయన "పెంకుటిల్లు, బోర్డుండదు, పెద్దావిడ వండుద్ది" అని దారి చెప్పాడు.

"కూర అయిపోయింది బాబూ, పప్పన్నం తింటారా?" అందావిడ. మామిడికాయ పప్పు, ఆవకాయ, గడ్డపెరుగు, చివర్న ఓ చిన్నరసం. ఇంకేం కావాలి!

చెయ్యి కడుక్కుంటూ మా టీములో కుర్రాడు (ఇటువైపు వాడే) మెల్లిగా అన్నాడు: "మా తాత శోభనాచలం తిరనాళ్ళకి వచ్చేవాడంట సార్. సద్దిమూట తెచ్చుకుని చెట్టుకింద తినేవాడు. సత్రం అరుగు ఎప్పుడూ ఎక్కలేదు."

అక్కడ్నించి ఈ విషయం నన్ను వదల్లేదు.

పరాయి ఊళ్ళో డబ్బిచ్చి తినడం మనకి కొత్తేం కాదు. 15వ శతాబ్దపు క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి మెనూ ఉంది. ఒక్క రూకకి కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, నెయ్యి, అరటిపళ్ళు, నంజుళ్ళు, పెరుగు. ధరతో సహా రాశాడంటే మన మొదటి హోటల్ రివ్యూ అదే అనుకోవచ్చు :)

మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి ఏనుగుల వీరాస్వామి 1830లో కాశీకి బయల్దేరి 1831లో తిరిగొచ్చారు. ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయో, ఎక్కడ దొరకవో శ్రద్ధగా రాసుకున్నారు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది.

పూటకూళ్ళ ఇళ్ళు నడిపినవాళ్ళలో వేరే ఆధారం లేని వితంతువులు చాలామంది. బాటసారి ఆవిడ చేతివంట తినేవాడు, వెనక్కి తిరిగి ఆవిడ్నే చులకన చేసేవాడు. గురజాడ కన్యాశుల్కంలో గిరీశం చేసింది అదే కదా, పూటకూళ్ళమ్మ అన్నమూ తిన్నాడు, డబ్బూ తిన్నాడు.

సరే, ఇంత చరిత్రలో మా కుర్రాడి తాత ఎక్కడున్నాడు? వెతికితే కనపడడు. రుచులు రాసినవాళ్ళంతా లోపలికి వెళ్ళగలిగినవాళ్ళే. మన భాషలో చెప్పాలంటే, లాగిన్ ఉన్నవాళ్ళు రాసిన రివ్యూలు. యాక్సెస్ లేనివాడికి మెనూతో పనేంటి?

1950లో రాజ్యాంగం 15వ అధికరణంలో ఒక మాట స్పష్టంగా రాసింది: దుకాణాల్లోకి, హోటళ్ళలోకి కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదు. 1955 చట్టం అంటరానితనం పాటించడాన్ని శిక్షించదగ్గ నేరం చేసింది. అయినా 1957లో మద్రాసులో ఒక హోటల్ బోర్డు మీంచి 'బ్రాహ్మణ' అన్న మాట తీయించడానికి పెరియార్ అనుచరులు నెలల తరబడి పికెటింగ్ చేయాల్సొచ్చింది. పల్లెటూరి టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచింది. చట్టం రిలీజైనంత మాత్రాన అన్ని ఊళ్ళలోనూ ఇన్‌స్టాల్ అయిపోదు.

మనం ఊరు మారినప్పుడల్లా "ఇక్కడ మంచి భోజనం ఎక్కడ?" అని అలవోకగా అడిగేస్తాం. దానికి ముందు "నన్ను కూర్చోనిస్తారా?" అని ఇంకో ప్రశ్న ఉండేది. అది ఎంతమంది దెబ్బలాడితే తొలగిందో మనకి గుర్తుండదు. అసలు అందరికీ తొలగిందా అంటే, ఇల్లు అద్దెకి వెతుక్కున్నవాళ్ళని అడగండి, చెప్తారు.

డబ్బులిచ్చి బయల్దేరుతుంటే పెద్దావిడ మా ఊరూ అడగలేదు, పేరూ అడగలేదు. "కడుపు నిండిందా నాయనా?" అంది, మా కుర్రాడి వైపు చూసి.

"నిండిందమ్మా" అన్నాడు వాడు.

కారెక్కాక వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు.