ఓరుగల్లు: శిలయు, తంతువును

యాత్రికులు హనుమకొండకు వచ్చి, వేయిస్తంభముల గుడిలో శ్రీరుద్రేశ్వరస్వామిని సేవించి, భద్రకాళీ అమ్మవారి సన్నిధికి పోవుదురు. కాకతి రుద్రదేవుడు శక 1084 (క్రీ.శ. 1163)లో రుద్ర, వాసుదేవ, సూర్యులకు ఈ త్రికూటాలయమును కట్టించెను. శిల నిలిచినది గనుక అందరును చూచుచున్నారు. అదే రాజ్యపు రెండవ వైభవము నూలులో నుండుటచే నేడు కంటికి గానరాదు.

దానికి సాక్ష్యము సముద్రతీరమున నున్నది. రుద్రదేవుని సోదరపుత్రుడగు గణపతిదేవుడు శక 1166 (క్రీ.శ. 1244-45)లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. పూర్వరాజులు తుఫానునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును బలాత్కారముగ గైకొనెడివారు. ప్రాణములు లెక్కింపక సముద్రము దాటి వచ్చువారికి ధనమే ప్రాణాధికమని తలచి, గణపతిదేవుడు నియతసుంకము తప్ప తక్కినదంతయు వర్తకులకే విడిచెను. ఆ సుంకపు పట్టికలో చందనకర్పూరములతోబాటు పట్టునూలును కలదు. ఇట్టి శాసనము రాజనీతి మాత్రమే కాదు, ధర్మము.

గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి పాలనను ప్రశంసించిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, ఈ దేశపు సన్నని వస్త్రములను సాలెగూటితో పోల్చెను. ఆమెను రాజపత్నిగ పొరబడెను గాని వస్త్రవిషయమున పొరబడలేదు. తెలుగున ఆ పురుగునకు పేరిచ్చినవాడు సాలెవాడే కదా!

పద్మశాలీయులు తమ మూలపురుషునిగ భావనాఋషిని స్మరింతురు; ఆయన పద్మతంతువులతో దేవతలకు వస్త్రము నేసెనని వారి పురాణము. ఆరంభణాధికరణమున కార్యకారణముల అభేదమునకు దృష్టాంతమైనదియు వస్త్రమే.

1323లో ఓరుగల్లు పతనమయ్యెను. అటుపిమ్మట చాలకాలమునకు, 1851 లండన్ మహాప్రదర్శనమున వరంగల్ తివాచీలు నిలిచెను. 2018లో వరంగల్ దరీలకు భౌగోళిక గుర్తింపు లభించెను. వాని మగ్గములు కొత్తవాడలో నున్నవి. గుడి చూచి మరలు యాత్రికుడు అటు పోవుట అరుదు.