వ్రాయని కలము

ఈనాడు మన యిండ్లలో పసిబిడ్డలు సైతము సెల్‌ఫోను తెరపై వ్రేలితో బొమ్మలు గీయుచున్నారు. గీచిన గీత చెరగక నిలుచుట వారికి వింతగా తోచదు. కాని కంప్యూటరు తెరపై ఒక్క గీతను నిలుపుటయే గగనమైన దినములు కలవు. ఆ కథను కొంత చెప్పదలచినాము.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన లింకన్ ప్రయోగశాలలో టిఎక్స్-2 అను కంప్యూటరు 1958 నుండి పనిచేయుచుండెను. ఐవాన్ సదర్లాండ్ అను పరిశోధక విద్యార్థి దానిపై బొమ్మలు గీయుటకు 'స్కెచ్‌ప్యాడ్' అను పద్ధతిని నిర్మించి, 1963లో సిద్ధాంతవ్యాసముగా సమర్పించెను.

తెర యేడంగుళముల చదరము. అడ్డముగా 1,024, నిలువుగా 1,024 చుక్కలకు అందు చోటు కలదు. అయితే ఎలెక్ట్రాను కిరణము తాకి వెలిగించిన చుక్క అంతలోనే ఆరిపోవును. ముందు ముగ్గు పెట్టుచుండగా వెనుక గాలి చెరిపివేయుచున్నట్లే! బొమ్మ కనబడవలెనన్న చుక్కలన్నింటిని మరల మరల వెలిగించుచునే యుండవలెను. ఆ యంత్రము వెలిగింపగలిగినవి సెకనుకు సుమారు లక్ష చుక్కలు. లెక్క చూడుడు: బొమ్మలో రెండువేల చుక్కలున్నచో సెకనుకు ఏబదిసార్లు వెలుగును, ఇరువదివేలున్నచో ఐదుసార్లే. బొమ్మ నిండుకొలది మిణుకు హెచ్చును. చుక్కలను వరుస చెదరగొట్టి వెలిగించినచో ఆ మిణుకు కొంత మరుగుపడి, బొమ్మ నక్షత్రములవలె తళతళలాడెడిది.

ఇక కలము సంగతి. దానిని వెలుతురు కలమనిరి గాని అది వెలుతురు నీయదు, వ్రాయదు, చూచును. మొనకెదురుగా చుక్క వెలిగినంతనే యంత్రమునకు సంకేతమిచ్చును. ఆ క్షణమున వెలిగించిన చుక్క యేదో యంత్రమునకు తెలియును గదా! చుక్కకు కేటాయించిన 36 బిట్లలో 20 దాని చోటును, తక్కిన 16 అది బొమ్మలో ఏ భాగమునకు చెందినదో తెలుపును.

చీకటి తెరపై మాత్రము ఈ కలము గ్రుడ్డిది. కనుక తెరపై ముందుగా 'ఇంక్' అను మాటను వెలిగించెడివారు. మన పెద్దలు పుల్లకలమును సిరాబుడ్డిలో ముంచినట్లు, గీయువాడు కలమును ఆ మాటపై నుంచగా, కూడిక గుర్తు వంటి చిహ్నమొకటి వెలిసి కలమును వెన్నంటి నడచెడిది. కలమును చటుక్కున జాడించినచో చిహ్నము అందుకొనలేక వెనుకబడును. దానినే 'గీత ముగిసినది' అను ఆజ్ఞగా సదర్లాండ్ స్వీకరించెను! యంత్రపు చేతగానితనమును పనిముట్టుగా మలచిన ఈ యుపాయము మాకు మిక్కిలి ముచ్చటగొల్పినది.

1972లో వెలువడిన టెక్ట్రానిక్స్ 4010 తెరపై గీచిన గీత తనంత తానే నిలిచెడిది, మిణుకు లేదు. కాని ఒక్క గీత చెరపవలెనన్నను తెర యంతయు ఒక్కసారి పచ్చగా మెరసి, బొమ్మ మొత్తము మాయమగును. చుక్కలను మరల మరల వెలిగించు పని లేకపోవుటచే, వెలుతురు కలమునకు అచ్చట చూచుట కేమియు లేకపోయెను. చోటు చూపుటకు చిన్న చక్రములు రెండు త్రిప్పుచు, తెరపై అడ్డగీతను నిలువుగీతను జరుపుకొనవలసివచ్చెను.