లిప్ లిఫ్ట్: చేయించుకున్నట్టు తెలియకూడదంటే.. ఎవరికి ఏ పద్ధతి?

ఆసిఫాబాద్: లిప్ లిఫ్ట్ 'బిఫోర్-ఆఫ్టర్' రీల్స్ ఆసిఫాబాద్‌లో కూర్చున్నా ఫోన్‌లోకి వచ్చేస్తాయి. సర్జరీకి మాత్రం చాలామంది చూసేది హైదరాబాద్ వైపే. కుట్లు విప్పించుకోవడానికి 5 నుంచి 7 రోజుల్లో మళ్లీ వెళ్లాలి.. ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ముక్కుకు, పై పెదవికి మధ్య చర్మం వయసుతో సాగుతుంది. అప్పుడు నోరు కొద్దిగా తెరిచినా పై పళ్లు కనపడవు. ఫిల్లర్ పెదవిని లావు చేస్తుందే తప్ప ఈ పొడవును తగ్గించదు. లిప్ లిఫ్ట్‌లో ఆ చర్మాన్ని కొన్ని మిల్లీమీటర్లు కోసి తీసి, పెదవిని పైకి జరిపి కుడతారు.

ఎక్కువగా చేసేది బుల్‌హార్న్ పద్ధతి. ఎద్దు కొమ్ముల ఆకారంలో కోత, మచ్చ ముక్కు కింది మడతలో దాగుతుంది. 1971లోనే దీన్ని వివరించారు. ఇటాలియన్ పద్ధతిలో రెండు ముక్కు రంధ్రాల కింద చిన్న కోతలే.. మార్పూ తక్కువే. పెదవి మూలలు వాలినవారికి కార్నర్ లిఫ్ట్ ఉంది. పెదవి అంచు మీదే కోసే పద్ధతిలో మచ్చ ఎదురుగా కనపడుతుంది కాబట్టి, తెలియకూడదనుకునేవారికి అది నప్పదు.

అసలు చిక్కు మచ్చతోనే. చామనఛాయ చర్మంలో అది నల్లబడే అవకాశం ఎక్కువ. చెవులు కుట్టించుకున్న చోట గడ్డ కట్టినవాళ్లు ఆ విషయం డాక్టర్‌కు తప్పక చెప్పాలి, అది కెలాయిడ్ లక్షణం కావచ్చు. చర్మం ఎక్కువ తీస్తే నోరు సరిగా మూసుకోదు. తక్కువ తీస్తే మళ్లీ సరిచేయొచ్చు, తీసేసింది మాత్రం తిరిగి పెట్టలేరు.

2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లో స్మైల్ డిజైనింగ్‌కు వెళ్లిన 28 ఏళ్ల యువకుడు చనిపోయాడు. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఆరోపించారు. అది వేరే చికిత్సే అయినా, చిన్న ప్రొసీజరే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. డాక్టర్‌కు ఎంసీహెచ్ లాంటి ప్లాస్టిక్ సర్జరీ అర్హత ఉందా, మత్తు ఎవరిస్తారు, అత్యవసరమైతే ఏర్పాట్లేంటి? ఇవి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా చూడాలి.

అందం కోసం చేసే సర్జరీకి ఆరోగ్యశ్రీ వర్తించదు, పైగా జీఎస్టీ పడుతుంది. గ్రహణమొర్రి ఆపరేషన్ సంగతి వేరు, అది చికిత్స.

కోతకు జంకేవాళ్లు బొటాక్స్‌తో చేసే 'లిప్ ఫ్లిప్'ను ముందు చూడొచ్చు. ఫలితం స్వల్పమే, రెండు మూడు నెలల్లో పోతుంది. లిప్ లిఫ్ట్ మచ్చ ఎరుపు తగ్గడానికి నెలలు పడుతుంది కాబట్టి, పెళ్లి ముహూర్తం దగ్గర పెట్టుకుని చేయించుకోకపోవడమే మంచిది.